కిటికీకి సరిపోయిన ముఖం

ఛత్రినాకలో, మా సందు చివర ఒక రెండంతస్తుల ఇల్లుంది. తొమ్మిది దాటితే ఆటోవాళ్లు అటు రారు. మెయిన్ రోడ్డు మీదే దింపేసి, నాలుగడుగులే కదా నడవమంటారు.

ఆ ఇంటి పైగదిలో అద్దెకున్న అమల కడుపుతో ఉండగా చనిపోయింది. మూడు రోజుల జ్వరం — అంతే. భర్త ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లెవరూ నెల నిలవక, ఆ గది ఖాళీగానే ఉంది. కడుపుతో పోయినామె ఊరికే పోదని మావాళ్ల నమ్మకం. అయినా ఆమెను కళ్లతో చూసినవాళ్లు లేరు. చూపించినవాడు రాహుల్.

రాహుల్ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. చేతిలో పనితనం ఎంతో, నోట్లో వెటకారం అంత. పెద్ద బొమ్మ మీద చిన్న బొమ్మ పెట్టడంలో దిట్ట. ఇటు తాళి కడుతుంటే, అటు మూలన గడిలో చనిపోయిన తాత అక్షింతలు వేస్తుంటాడు.

ఒక రాత్రి వాడు ఆ ఇంటిని ఫోన్‌లో తీశాడు. కంప్యూటర్లో దాన్ని కింద పరిచి, దాని మీద అమల పెళ్లి వీడియోలోని ఒక ముక్క పెట్టాడు. ఆ పెళ్లి తీసింది వాడే. ముక్కను మూలలు పట్టి కుదించి... కుదించి... పైగది కిటికీలో సరిగ్గా ఇరికించాడు. అంచులు మసక చేశాడు. రంగు తగ్గించాడు. మాట తీసేశాడు. చీకటి కిటికీలో అమల ఏడుస్తూ పెదాలు కదుపుతోంది...

పదకొండు సెకన్ల వీడియో. తెల్లారేసరికి చాంద్రాయణగుట్ట దాకా పాకింది. నేనూ ముగ్గురికి పంపాను, అబద్ధమెందుకు.

వారం తిరక్కముందే — నిజంగానే కనిపించింది.

మొదట ఇస్త్రీ బండి మున్నా చూశాడు. కిటికీలో ఒక ముఖం... కదలకుండా. తర్వాత ఎదురింటివాళ్లు చూశారు. తన పనితనానికే ఇంత భయమా అని రాహుల్ నవ్వాడు. ఐదో రాత్రి మున్నా వాళ్లు వాణ్ణి లాక్కెళ్లి చూపించారు. అక్కడ కంప్యూటర్ లేదు. ముఖం మాత్రం ఉంది.

భయపడ్డవాడి చేతికి రాయి తొందరగా దొరుకుతుంది. మొదటి రాయి గోడకు తగిలింది. రెండోది రాహుల్‌ది. ముఖం కిందికి జారింది... లోపల ఏదో ధబ్బున పడింది.

దయ్యం పడితే చప్పుడు కాదు.

పైకెక్కారు. కిటికీ కింద సుశీలమ్మ కూలబడి ఉంది. అమల తల్లి. రోజూ బర్రెలు పిండి సందంతా పాలు పోసే మనిషి. నుదురు చీలి చీరె మీదికి రక్తం కారుతోంది. ఒళ్లో మూత తీయని డబ్బా, అందులో సర్వపిండి. కూతురికి ఇష్టమని తెచ్చింది.

ఎవరు కొట్టారని ఆమె అడగలేదు. రాహుల్‌ను చూసి గుసగుసగా అంది.

"ఫోన్ల మీకందరికి కనవడ్తది కదా బిడ్డా... ఐదు రోజులాయె, వచ్చి కూసుంటున్న. నాకెందుకు కనవడ్తలేదు?"

ఆమె కొంగుతో నుదుటి రక్తం తుడుచుకుంది.

"ఫోన్ల నోరు కదుపుతున్నది... ఏమంటున్నదో. నా మీద కోపమా?"

రాహుల్‌కు తెలుసు. ఆ ముక్క అప్పగింతలప్పటిది. అమల ఏడుస్తూ చూసింది కెమెరా పక్కన నిలబడ్డ తల్లినే. పెదాలు కదిపింది "అమ్మా" అని. ఆ మాట తీసేసింది వాడే. పెళ్లి వీడియో అల్లుడి దగ్గరే ఉండిపోయింది కాబట్టి సుశీలమ్మ దాన్ని ఎన్నడూ చూడలేదు.

నిజం చెబితే ఆమె లేచి ఇంటికి పోయేది. కానీ బొమ్మ పెట్టిందీ, రాయి వేసిందీ ఒక్కడేనని తేలిపోతుంది. వాడు ఆమె ముందు కూర్చున్నాడు.

"వస్తదమ్మా... ఇంక కొన్ని రోజులు చూడు."

ఇదంతా రాహులే నాకు చెప్పాడు, తాగి ఏడుస్తూ. ఆమెకు నువ్వైనా చెప్పన్నా అని కాళ్లు పట్టుకున్నాడు. నాకు వాడి మీద జాలి కలగలేదు. ఆమె కోసం ఆ రాత్రే మెట్లెక్కాను.

నుదుటికి కట్టుతో సుశీలమ్మ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. నన్ను చూసి సంబరపడి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"నీకు కనవడ్తదేమో చూడు బిడ్డా. కనవడితే... ఏమంటున్నదో నాకు చెప్పు."

చెప్పాలని వచ్చిన నిజం చెప్పలేదు. ఆమె చెప్పినట్టే కిటికీలో నిలబడ్డాను.

కింద, సందు మలుపులో, ఎవరో ఫోన్ పైకెత్తి మమ్మల్ని తీస్తున్నారు.