ఉమ్మితో తడిపిన దారం

ఈ ఘోరాన్ని గది నడిమధ్యన నిలబడి, రెప్ప వాల్చకుండా మొదటి నుంచి చివరి దాకా చూసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

మిట్టమధ్యాహ్నం... పన్నెండుకు పావుగంట తక్కువ! కారుమేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. పాత బొంతలు బాగుచేసే ఆ అత్తాకోడళ్ళ ఇంట్లో, కత్తిరింపు బల్ల మీద కోడలు కట్టెలా బిగుసుకుపోయి ఉంది. ఆమె భుజాల చుట్టూ నూరేళ్ళ నాటి బొంత... వారం కిందట ఒక మాంత్రికుడు చిరుగులు అతకమని ఇచ్చిపోయినది. ఉదయం ఆమె ముచ్చటపడి దాన్ని కప్పుకుందంతే! ఇక అది ఊడిరాలేదు. ఆమె గొంతులో మగవాడి గుర్రు మొదలైంది.

తలుపు తోసుకుని మాంత్రికుడు వచ్చాడు. సంచిలోంచి కపాలం తీసి సూదుల డబ్బా పక్కన పెట్టాడు. పన్నెండు కొట్టగానే కోడలి ప్రాణం అందులోకి దిగుతుందనీ, అడ్డొస్తే అత్తగారి ప్రాణం కూడా తోడేస్తాననీ బెదిరించాడు.

కపాలం కనుగుంటల్లో నీలిజ్వాల భగ్గుమంది... సరే, దాచడమెందుకు! నేను నిలబడింది గదిలో కాదు, కిటికీ అవతల. ఆ మంట చూడగానే వీధి చివరి దాకా పరుగు లంకించుకున్నాను. మిగతాదంతా అత్తగారు చెప్పిందే.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని బొంత అంచు పరీక్షించింది. ఏనాడో పోయిన అత్తలూ కోడళ్ళూ వేసిన కుట్లు, చీమలబారులా సన్నగా ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ ఒక నల్లకుట్టు! అది మొదలైన చోట పచ్చటి మరక.

“దారం కొస నోట్లో తడిపి ఎక్కించావు కదూ?”

“తడపక? సూది బెజ్జం కనపడి చస్తేగా!” అన్నాడు మాంత్రికుడు.

“పాత గుడ్డ దగ్గర మా పనివాళ్ళెవరూ ఆ పని చెయ్యరు నాయనా. ఎవరి ఉమ్మి తగిలితే ఆ కుట్టు వాళ్ళ ఒంటిదే.”

కత్తెర మొనతో ముడి తెంపి దారం లాగింది. ఒక కుట్టు ఊడింది... మాంత్రికుడి పెదవి చిట్లింది! మరో కుట్టు... మోకాలు జారింది! వాడు పాక్కుంటూ వచ్చి ఆవిడ మెడ పట్టుకున్నాడు. కోడలి నోటితోనే తిట్లు లంకించుకున్నాడు.

“తిట్టుకోడానికి నాకున్నది ఈ ఒక్క కోడలు. దీన్ని నీకెలా ఇస్తాననుకున్నావు?” అంటూ ఆవిడ ఆఖరి కుట్టు పీకేసింది.

టంగుమని గడియారం... ఫెళ్ళున పిడుగు! బొంత కోడల్ని వదిలి గాల్లోకి లేచింది. తరతరాల ఆ ఆడవాళ్ళ కుట్లన్నీ ప్రాణం పోసుకుని మాంత్రికుణ్ణి చుట్టేసి బిగుసుకున్నాయి. ఒక్క గావుకేక! బొంత నేలకు జారితే, దాని కింద గుప్పెడు కాలిన దూది!

కోడలు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. అత్తగారు ఆమెను గుండెకు హత్తుకుని భోరున ఏడ్చింది.

మొదట కోసిన ఆ కోత తప్పిస్తే, ఇంత కథలోనూ నేను కల్పించింది ఆ హత్తుకోవడం ఒక్కటే. ఏడ్చిన మాట నిజమే గానీ, ముందు నెత్తిన ఠంగుమని ఒక మొట్టికాయ వేసి, గిరాకీల బొంతలు కప్పుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానే అందట.