బండిలో వణుకు

"ఇంట్లో గ్లాసులన్నీ ఆ బండిలోకే మోసుకుపోతే, పొద్దున్నే కాఫీ దోసిట్లో పోసుకుని తాగాల్నా?" అంది ప్రసన్నకుమారి వంటింటి కిటికీలోంచి.

"ఒకటే గదా తీసుకునింది," అన్నాడు యోగానంద. వాకిట్లో వ్యాన్ తలుపు దగ్గర నిలబడి స్టీలు గ్లాసులో నీళ్ళు ముప్పాతిక దాకా నింపుతున్నాడు.

"నిన్నొకటి, మొన్నొకటి. మొన్నటిది చంద్రగిరి రోడ్డులో కిందపడి సొట్టపోయిందని నువ్వే చెప్తివి."

"సొట్టపోయిందంటే బండి వణికిందనే గదా! ఈ పొద్దు అందరూ ఉంటారు. నీళ్ళు ఎట్ల అలలు కొడతాయో మీరే సూస్తారు."

లోపల కూతురి జుట్టుకు రిబ్బను కడుతున్న జాహ్నవి తల్లి వైపు చూసి పెదవి విరిచింది. తండ్రికి వినిపించేలాగే అంది. "నాయనా, మాట గుర్తుండాది గదా? ఈ పొద్దు వణక్కపోతే, అంతా నీ భ్రమేనని ఒప్పుకుని, బండి కొంటానన్న రేణిగుంట ఆయనకు ఇచ్చేయాల. టిఫిను బండి పెట్టుకుంటాడంట. పాపం, ఎన్నాళ్ళని ఎదురుసూస్తాడు?"

"గుర్తుండాది లేమ్మా," అన్నాడు యోగానంద.

ఆ వ్యాన్ ఆ ఇంటికి వచ్చి చాలా ఏళ్ళయింది. యోగానంద హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. గోడకు పటం తగిలించి కొండలూ వాగులూ చూపించడం ఆయనకు చాలేది కాదు. వేలంలో ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వ్యాన్ కొని, వెనక భాగంలో గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, సామాన్ల అర అమర్చి, దాన్ని తిరిగే ఇల్లుగా మార్చుకున్నాడు. బడికి సెలవులివ్వడం ఆలస్యం, అందరూ బండెక్కేవాళ్ళు. తలకోన, కైలాసకోన, హార్స్‌లీ కొండ. వాన పడిన మట్టిదారిలో మిగతా బండ్లు కూరుకుపోతే ఈ వ్యాన్ నాలుగు చక్రాలతో లాక్కుని బయటపడేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ప్రసన్నకుమారి అత్తగారికి బయట ఎక్కడ పడుకున్నా నిద్ర పట్టేది కాదు. అందుకని ఆమె ఇనుప మంచాన్నే బండి వెనక అడ్డంగా బిగించారు. మిక్సీలో వేసిన ఊరిబిండి పచ్చడి ఆమె నోట పెట్టేది కాదు. అందుకని రోలు కూడా బండెక్కింది. ఏ చెట్టు కిందో ఆగితే ముందు రోలు దిగేది, తర్వాత మనుషులు. "ఊర్లు తిరిగేదానికి రోలు ఎత్తుకుపోయేది మన ఇంటోళ్ళే," అని ప్రసన్నకుమారి అప్పట్లో నవ్వేది. చింతకాయ, పచ్చిమిరపకాయ నూరుతుంటే వాసనకు కోతులు కూడా కొమ్మలు దిగి వచ్చేవి.

పోయిన ఏడు అత్తగారు కన్నుమూసింది. పోయినవాళ్ళ మంచం ఉంచుకోకూడదని పెద్దదినం నాడే దాన్ని ఇచ్చేశారు. రోలు పలమనేరులో ఉన్న ఆడబిడ్డ అడిగి తీసుకుపోయింది. వంట చేసేవాళ్ళెవరని నీళ్ళ డ్రమ్మూ తీసేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే యోగానంద మొదటిసారి అన్నాడు, బండి కొంచెం వేగం అందుకోగానే వణుకుతోందని.

మెకానిక్ మహబూబ్ బాషా ఈ బండిని మొదటినుంచీ చూస్తున్నవాడు. చక్రాలు సరిచేశాడు. ఇంజను నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడుగాటి షాఫ్టును దింపి, దాని కీళ్ళు కొత్తవి వేశాడు. ప్రతిసారీ, "ఇప్పుడేం లేదు సార్, వెన్న మాదిరి పోతాండాది," అనేవాడు. యోగానంద ఒక్కడే తోలుకుని ఇంటికి వచ్చేసరికి మళ్ళీ అదే వణుకు. చిన్నకొడుకు కిరణ్, "అవ్వ మంచం అడుగుతాందేమో నాయనా," అని నవ్వించబోయాడు. ఆయన నవ్వలేదు.

ఆ రోజు ప్రయాణం పాకాలకు. జాహ్నవి అత్తగారింట్లో గృహప్రవేశం. జాహ్నవి, అల్లుడు ధనంజయ, వాళ్ళ పాప, తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే కిరణ్, అందరూ ఎక్కారు. పెట్టడానికి తీసుకున్న బట్టలు, పండ్ల బుట్టలు, రెండు బియ్యం మూటలు వెనక సర్దారు. తాళం వేసి చివరగా వచ్చిన ప్రసన్నకుమారి కూడా ఎక్కి భర్త పక్కన కూర్చుంది.

చంద్రగిరి దాటి రోడ్డు తెరిపిగా వచ్చింది. యోగానంద వేగం పెంచాడు. అందరి కళ్ళూ స్టీరింగు పక్కన పెట్టిన గ్లాసు మీదే. నీళ్ళు కదల్లేదు. ఇంకొంచెం పెంచాడు. గ్లాసు బావిలా నిశ్చలంగా ఉంది.

"ఇంకొంచెం దూరం పోనీండి," అన్నాడు యోగానంద.

"ఎంత దూరం పోయినా అంతే నాయనా," అంది జాహ్నవి. "బాషా అన్న సూసినాడు, ఏం లేదన్నాడు. ఈయన నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని తోలి సూసినాడు, ఏం లేదన్నాడు. ఇప్పుడు మేమందరం సూస్తాండాం. బండికేం లేదు. వణికేది నీ చేతులు."

"జానూ!" అన్నాడు ధనంజయ.

"నన్ను అనద్దు. ఎవరో ఒకరు చెప్పాల గదా! కాఫీ గ్లాసు పట్టుకుంటే వణుకుతాండాది, సంతకం పెడితే వణుకుతాండాది. భాకరాపేట ఘాట్లో ఒక్కడే పోతాడు. ఏమన్నా అయితే? ఫోను మోగితే నాకు గుండె జారిపోతాండాది."

యోగానంద బండిని నిదానంగా రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టి, దిగి, వెనక పండ్ల బుట్ట పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ బండిలో ఆయన వెనక కూర్చోవడం ప్రసన్నకుమారి ఎన్నడూ చూడలేదు. పాప ఒక్కతే, "తాతా, నువ్వు నా పక్కన!" అని సంబరపడింది.

పాకాలలో ఆయన విస్తరి ముందు కూర్చున్నాడే గానీ పాయసం కూడా ముట్టలేదు.

ఆ రాత్రికి జాహ్నవి వాళ్ళు అక్కడే ఉండిపోవాలనుకున్నారు. కిరణ్ స్నేహితుడితో వెళ్ళిపోయాడు. "ఈయన మిమ్మల్ని దింపి బస్సులో వస్తాడు," అంది జాహ్నవి.

"ఎందుకు?" అంది ప్రసన్నకుమారి. "ఈ రోడ్డులో మీ నాయన కండ్లు మూసుకున్నా తోలతాడు. తాళమియ్యి నాయనా," అని అల్లుడి ముందు చెయ్యి చాచింది. అల్లుడు భార్య వైపు చూడకుండా తాళం ఇచ్చేశాడు.

బండెక్కబోతే ఆమె మోకాలు కలుక్కుమంది. మెట్టు అందలేదు. తలుపు పట్టుకుని, "అమ్మా" అంటూ రెండో ప్రయత్నంలో ఎక్కింది.

దామలచెరువు దాటారు. మామిడి తోటల మీద ఎండ వాలుతోంది. బండి వేగం అందుకుంది. అప్పుడు ముందుగా అరికాళ్ళకు తెలిసింది. చెప్పుల్లోంచి పిక్కల దాకా సన్నగా, జల్లెడ పట్టినట్టు వణుకు. ఆమె చెప్పులు విడిచి పాదాలు నేలకు ఆనించింది. తలుపు మీద అరచెయ్యి పెట్టింది. తలుపూ వణుకుతోంది.

"జాహ్నవి నాయనా," అంది మెల్లగా. "నీ చేతులు కావు. నా కాళ్ళ కింద నేల వణుకుతాండాది."

యోగానంద తల తిప్పలేదు. "నీకూ తెలస్తాండాదా?" అన్నాడు. కాసేపటికి, "నిజంగానా మే? నా తృప్తికి చెప్పడం ల్యా?" అన్నాడు.

"బండి ఆపు."

ఆమె దిగి, పైటకొంగు నడుముకు దోపి బండి చుట్టూ తిరిగింది. వెనక భాగం తోక ఎత్తిన కోడిలా లేచి ఉంది. పొద్దున ఎలా ఎక్కింది తను? మోకాలు నొప్పే లేదు. మామూలుగా అడుగు పెట్టి ఎక్కేసింది. అప్పటికి అందరూ లోపల కూర్చుని ఉన్నారు.

"పొద్దున ఈ మెట్టు కిందికి ఉండింది," అంది. "అందరూ ఎక్కినారు గాబట్టి. ఇప్పుడు బండి ఖాళీ. మంచమూ లేదు, రోలూ లేదు. నువ్వొక్కడివే పోయేటప్పుడు కూడా ఇట్లనే గదా ఉండేది?"

యోగానంద ఆ మెట్టునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

నేరుగా బాషా షెడ్డుకే వెళ్ళారు. విన్నవాడు విన్నట్టే బాషా కిందికి దూరాడు. పైకి వచ్చి, షెడ్డులో ఉన్న పాత గేర్‌బాక్సులన్నీ వెనక వేయించి తనొక్కడే తోలి వచ్చాడు. వణుకు లేదు. వాటిని దింపించి మళ్ళీ వెళ్ళాడు. వణుకు ఉంది. తిరిగి వచ్చి నుదురు కొట్టుకున్నాడు.

"యా అల్లా! బండి రిపేరయితే షెడ్డోళ్ళందరం ఎక్కి తిరుచానూరు రోడ్డులో టీ తాగి రావడం మా అలవాటమ్మా. ప్రతిసారీ ఆరేడు మందిమి! ఇంక అది యాడ వణుకుతాది?" అన్నాడు. "అవ్వ మంచం బిగించినప్పుడు బరువుకు తట్టుకోవాలని నేనే ఎనక స్ప్రింగు కమాన్లకు రెండు పట్టీలు ఎక్కువేసినాను. ఇప్పుడు బరువు ల్యాక అవి బండిని పైకి ఎత్తేసినాయి. షాఫ్టు వంకరగా తిరగతాండాది. ఆ రెండూ తీసేస్తే చాలు సార్."

"తీసేస్తే, మళ్ళా అందరూ ఎక్కితే?" అన్నాడు యోగానంద.

"అప్పుడు ఎనక కుంగిపోతాది సార్. నలుగురైదుగురు ఎక్కొద్దు."

"అట్లయితే వద్దు లే బాషా. పిల్లోళ్ళు ఎప్పుడన్నా వస్తారు."

ఇంటికి వచ్చాక ప్రసన్నకుమారి ఒక్కతే వ్యాన్ వెనక కాసేపు కూర్చుంది. మంచం బిగించిన చోట నేలకు నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి. ఈ గదిలో పిల్లలకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. కిరణ్‌కు పాలపళ్ళు ఊడింది ఇక్కడే. వాళ్ళందరి కోసం గట్టిగా చేసుకున్న బండి ఇది. ఎక్కేవాళ్ళు లేక వణుకుతోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని దిగింది.

ఆదివారం అందరూ భోజనానికి వచ్చారు. సంగతంతా విన్న జాహ్నవి తండ్రి దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుని ఆయన చెయ్యి తీసుకుంది. ఆ చెయ్యి కొద్దిగా వణుకుతూనే ఉంది.

"అంతమంది ముందర అనేస్తిని నాయనా," అని ఏడ్చింది.

"నువ్వన్నదాంట్లో సగం నిజమే లేమ్మా," అన్నాడు యోగానంద. "సంతకం నాకే గుర్తు పట్టేదానికి కావడం ల్యా. నాకూ భయంగానే ఉండాది."

ప్రసన్నకుమారి అందరికీ పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, తన విస్తరి ముందు కూర్చుంది. గొంతు పెంచకుండానే చెప్పింది.

"రేపు జానూ మీ నాయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతాది. బండి బాషా షెడ్డుకు పోతాది, ఎక్కువేసిన పట్టీలు తీసేస్తాడు. డాక్టరు సరేనంటే ఈయన తోలతాడు. వద్దంటే నేను నేర్చుకుంటా. రేణిగుంట ఆయనకు ఇచ్చేది లేదు, ఇంక అది మా ఇద్దరి బండి. మీరు రావాలంటే మీ కార్లల్లో మా ఎనకాల రాండి."