మూడు వేళ్ళ గుడ్డ

పొద్దున్నే టైలరమ్మ కుట్టుమిషను ముందు కూచుంది గానీ కాలు పెడల్ మీద ఆడడం లేదు. ఎదురుగా పెట్టె సర్దుకుంటున్న పిల్లకు ఆ ఇంట్లో పేరు బొంగరం, ఒకచోట నిలవదని. తొమ్మిదేళ్ళ కిందట సంక్షేమ శాఖ వాళ్ళు పెంచమని అప్పగించిన పిల్ల. చూపు ఆనని టైలరమ్మకు సూదుల్లో దారం ఎక్కించి పెట్టే పిల్ల. నిన్నటితో పద్దెనిమిది నిండాయి. నిండితే ఇల్లు వదలాలి, అది నిబంధన.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని, దగ్గర్లోనే గది కుదిరాయి. నెల్లాళ్ళుగా టైలరమ్మ గ్యాసు కట్టేయడం, తాళం రెండుసార్లు లాగి చూడడం, అన్నీ నూరిపోసింది.

"పిన్నీ, అన్నీ నేర్పావు. జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో నేర్పలేదు."

"ఫోన్ లేదూ?"

"చేస్తే వస్తావా? సోమవారం నా మంచం మీదికి ఇంకో పిల్ల వస్తోందటగా. నేను కదలకముందే దుప్పటి మార్చేశావు."

 టైలరమ్మ ఆ పనికోసం తాను కుట్టిన కొత్త యూనిఫాం విసిరినట్టే ఇచ్చింది. "తొడుక్కుని చూడు."

టైలరింట పెరిగిన పిల్ల కదా, ముందు తిరగేసి కుట్టు చూసింది.

"ఇదేంటి, లోపల కుట్టు పక్కన మూడు వేళ్ళ గుడ్డ మిగులు వదిలావు! చంటిపిల్ల గౌనా? అడ్డగాడిదలా ఉన్నాను, ఇంకెక్కడ పెరుగుతాను? చేయి తప్పిందా?"

పాతికేళ్ళలో అరంగుళం తప్పని చేయి అది.

"ఒళ్ళు చేయవా ఏంటి? బిగుతైనప్పుడల్లా పట్టుకురా, విప్పి కుడతాను. ఇంకో టైలరు గడప తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా."

"వస్తే సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ ఊరుకుంటుందా?"

"ఉండడానికి కాగితం ఒప్పుకోదంట. బట్టలు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళని ఆపే కాగితం లేదంట. ఆఫీసుకి మూడోసారి వెళ్ళినప్పుడు అడిగొచ్చా."

నోరు జారిందని టైలరమ్మకు అప్పుడు తెలిసింది.

"మూడోసారా? మొదటి రెండుసార్లు ఏం అడిగావు పిన్నీ?"

టైలరమ్మ సూది కంట్లోకి దారం పొడవసాగింది. దారం పక్కకే పోతోంది. ఇంకో ఏడాది ఉంచండని అడిగితే మంచినీళ్ళిచ్చి పంపిన ఆఫీసు అది. చెబితే పిల్ల ఆశపడి పనిలో చేరదని కడుపులోనే దాచుకుంది.

బయట ఆటో హారన్ కొట్టింది. బొంగరం యూనిఫాం తొడుక్కుని నేల మీద చతికిలబడింది. మిషను పక్కనున్న చిన్న దిండుకు గుచ్చిన సూదులన్నీ తీసి, ఒక్కోదానికీ దారం ఎక్కించి, మళ్ళీ గుచ్చింది. కళ్ళు తుడుచుకోడానికి రెండుసార్లు ఆగింది.

"వచ్చే పిల్లకి ఇది నేర్పు పిన్నీ. నేర్చుకునేదాకా ఇవి సరిపోతాయి."

ఆటో మళ్ళీ హారన్ కొట్టింది.