లెక్కలో లేని మేర

పలక గడప మీద పడి రెండు ముక్కలైంది!

"రేపట్నుంచి బడీ లేదు, గిడీ లేదు!" శేషయ్య అరుపుకు ఆళ్లగడ్డలో ఆ వీధంతా ఉలిక్కిపడింది. "మా అమ్మతో కొట్లాడి, కనపడినోళ్లందరికీ గొప్పగా చెప్పుకొని నిన్ను నంద్యాల పరీక్షకు పంపితినే! రొండు లెక్కలు ఒకేసారి నోటితో చేసేదానివి... ఒక్క పంపకం లెక్క రాలేదా నీకు? ఎవురే నీకట్ట చెప్పింది?"

పదేళ్ల జయలక్ష్మి తల ఎత్తలేదు. కొత్త పరికిణీ అంచును వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "ఎవురూ చెప్పలా నాయనా. నాకే తోచింది."

వంటింటి తలుపు వెనక తల్లి ఉమామహేశ్వరమ్మ తలుపు రెక్క పట్టుకుంది. ఆ మాట పిల్లది కాదు... తనది! ఈ పొద్దున నంద్యాలలో అందరి ముందూ తన నోటితో తానే అన్న అబద్ధం అది! కన్నబిడ్డ దాన్ని భద్రంగా ఇంటికి మోసుకొచ్చి, తల్లి పరువు కోసం తండ్రి ముందు అప్పజెప్పుతోంది!

"నేనప్పుడే చెప్తి" అంది అత్త రంగమ్మ, వసారాలో వక్కలు కత్తిరిస్తూ. "ఆడపిల్లకు నంద్యాల హైస్కూల్లో ఫస్టు ఫారం ఎందుకురా అంటే వింటివా? కలుపు తీసేదానికి లెక్కలేం అక్కర లేదులే."

ఉమామహేశ్వరమ్మ చదివింది మూడో తరగతే. కానీ కూతురికి లెక్కలు వచ్చాయంటే అది ఆమె చలవే. సాయంత్రం పూట చేటలో బియ్యం ఏరుకుంటూ, "చదువే" అనేది. జయ పుస్తకంలోని లెక్క చదివేది. అంకెలు వినగానే పిల్ల గాభరా పడి, కూడాలా తీసేయాలా అని తల్లి మొహం చూసేది. "నా మొగం చూస్తే ఏమొస్తాది? కండ్లు మూసుకో. లెక్కలో మనిషి యాడుండాడు? చేతిలో ఏముంది? వచ్చినాయా, పోయినాయా?" అని అడిగి, చింతగింజలు నేల మీద పేర్పించేది. అంతే! అంకెలు పోయి మనుషులు వచ్చేవాళ్లు. అవ్వ దగ్గర బొరుగులు, సంతలో కుండలు, తోటలో మామిడికాయలు... పిల్లకు భయం పోయింది. బళ్లో అందరికంటే ముందు పలక పైకెత్తేది.

అలాంటి ఒక సాయంత్రమే ఆ పాపపు లెక్క వచ్చింది. రైతు కళ్లంలో జొన్నలు మూటలు కట్టి కొడుకులకు సమానంగా పంచాడట. జయ గింజలు పంచబోయింది. ఉమామహేశ్వరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే! మేర తీయకుండానే పంచుతాండావా? వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, ఊరి కావలోనికి ఎవురిస్తారు? ముందు ఏడాదంతా మనకు పని చేసినోళ్ల గింజలు పక్కన పెట్టాల. మిగిలిందే పంచాల."

"లెక్కలో మేర లేదు గదమ్మా..."

"రాయకపోతే లేకుండా పోతాదా? మేర ఎగ్గొట్టేటోడు రైతా, దొంగా? మన కళ్లంలో ఎట్ట చేస్తారో చూసింటివి గదా? అట్టనే చెయ్యి!"

తల్లి మాటకు పిల్ల తల వంచింది. అదే లెక్క, అంకెలు మాత్రమే మారి, నంద్యాల పరీక్షలో ఎదురొచ్చింది! అరవై మూటలు, నలుగురు కొడుకులు. జయ నాలుగు మూటలు మేరకు తీసేసి, తలా పద్నాలుగు అని రాసింది.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ కమలవల్లిగారు తల్లిని లోపలికి పిలిపించారు. గదిలో సీటు కోసం వచ్చిన ఇంకో నలుగురైదుగురు పెద్దమనుషులు, వాళ్ల ఆడవాళ్లు. "మీ అమ్మాయి మిగతావన్నీ చక్కగా చేసిందమ్మా. ఇక్కడ మాత్రం లెక్కలో లేని నాలుగు మూటలు ఎక్కణ్ణుంచో తెచ్చి తీసేసింది. మేర అంటోంది. ఎవరైనా ఇలా నేర్పారా?" అని అడిగారు.

పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. "పిల్లకు పరీక్ష పెడితే కళ్లం తెచ్చిందే!" అని ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు తన మీదికి తిరుగుతుందని ఉమామహేశ్వరమ్మకు భయం... ఎంత సిగ్గుమాలిన భయం! "నాకేం తెలుసమ్మా! ఇంట్లో ఎవురూ నేర్పలా. మొద్దుపిల్ల... దానికి తోచింది రాసింటాది" అనేసింది.

జయ తల తిప్పి తల్లిని చూసింది. ఒక్కసారే.

"ఎవరైనా తప్పు నేర్పి ఉంటే దిద్దుకోవచ్చు అనుకున్నాను" అన్నారు కమలవల్లిగారు నిరాశగా. "తోచిన అంకె వేసే పిల్లకు మా క్లాసు కష్టమవుతుంది. వచ్చే ఏడు చూద్దాం." సీటు కళ్ల ముందే చేజారిపోయింది! తిరుగు బస్సులో శిరివెళ్ల దగ్గర కొన్న మురుకులు పిల్ల ఒళ్లో అలాగే ఉన్నాయి. "జయా..." అని తల్లి పిలవబోయింది. కిటికీ వైపు తిరిగిన ఆ చిన్న జడను చూసి, జారబోతున్న పొట్లాన్ని సర్దింది...

ఇప్పుడు గడప మీద పలక ముక్కలు. "మొద్దుదానికి సదువెందుకులే!" అన్నాడు శేషయ్య.

మొద్దు! ఆ మాట చెవిన పడగానే ఉమామహేశ్వరమ్మ తలుపు నెట్టుకొని బయటికి వచ్చేసింది. అత్త ముందు ఎన్నడూ గొంతెత్తని కోడలు!

"అది మొద్దు కాదు! నేను మొద్దుదాన్ని! మేర తీయమని చెప్పింది నేను. వద్దమ్మా, లెక్కలో లేదమ్మా అని బిడ్డ మొత్తుకున్యా నేనే తిట్టి చేయించినా. ఆడ బడి పెద్దమ్మ అడిగితే... నలుగురూ నవ్వుతారని... నేను నేర్పలేదని చెప్పి, కడుపున పుట్టినదాన్ని మొద్దు అంటి! నన్ను కొట్టు. దాని బడి మాత్రం తీసేయొద్దయ్యా!"

వసారాలో అడకత్తెర చప్పుడు ఆగిపోయింది. శేషయ్య భార్యను, కూతుర్ని మార్చి మార్చి చూశాడు. నొసలు ముడిచి అడిగాడు. "అయితే... దాంట్లో తప్పేముంది? మేర తీయకుండా ఎట్ట పంచుతారు?"

"అవును మరి!" రంగమ్మ కూడా గబుక్కున అందుకుంది. "మేర ఎగ్గొడితే మళ్లీ ఏడు నాగలికి కర్రు కొట్టేదెవురు? ఆ బడి అమ్మకు కళ్లం తెలీదు!"

"తప్పే అవ్వా" అంది జయలక్ష్మి. కన్నీళ్లు బుగ్గల మీదికి జారుతున్నా గొంతు వణకలేదు. "మన కళ్లంలో అయితే తీయాల. లెక్కలో ఏముంటే అంతే చేయాల. నాకు తెలుసు."



"తెలిసి ఎందుకు రాస్తివే మరి?" అన్నాడు శేషయ్య, నీరసంగా.

జయ కళ్లు తుడుచుకుంది. తల్లి వైపు చూసి తల దించుకుంది. అమ్మ తప్పు చెప్పదని నమ్మి రాసింది... అంతే! ఆ సంగతి ఉమామహేశ్వరమ్మకు చెప్పకుండానే తెలిసింది. ఆమె అక్కడే కూలబడి పమిటలో మొహం దాచుకుంది.

మర్నాడు మొదటి బస్సుకే ఆమె కూతుర్ని వెంటబెట్టుకొని నంద్యాల వెళ్లింది. గదిలో జనం ఖాళీ అయ్యేదాకా ఆగండమ్మా అని బంట్రోతు చెప్పినా వినలేదు. "అందరి ముందరే అంటి. అందరి ముందరే చెప్పాల" అని లోపలికి నడిచింది. చెప్పింది. ఈసారి కూడా ఎవరో నవ్వారు. ఆమె పిల్ల భుజం మీది నుంచి చెయ్యి తీయలేదు. కమలవల్లిగారు అంతా విని, కళ్లజోడు తీసి, "నిన్ననే ఈ మాట చెప్పి ఉంటే సీటు ఇచ్చేదాన్నమ్మా... నిన్న సాయంత్రమే సీట్లు నిండిపోయాయి" అన్నారు. తర్వాత జయ గడ్డం పట్టుకొని, "వచ్చే ఏడు ఖచ్చితంగా రా తల్లీ" అన్నారు.

ఒక ఏడాది! తన పిరికితనం బిడ్డ బతుకులోంచి తీసేసుకున్న మేర అది. ఎంత ఏడ్చినా తిరిగి రాదు...

శేషయ్య బడి మాన్పించలేదు. కొత్త పలక తెస్తానన్నాడు, తేవడం మరిచాడు. ఉమామహేశ్వరమ్మ సాయంత్రాలు ఒంటరిగానే బియ్యం ఏరుకుంది. "లెక్క చదవవే" అని అడిగే ముఖం ఆమెకు లేదు. పిల్ల వసారాలో దూరంగా కూర్చుని చేసుకునేది.

ఒక సాయంత్రం చేట పక్కన ఏదో చప్పుడైంది. చూస్తే విరిగిన పలకలో పెద్ద ముక్క, దాని మీద రాసిన లెక్క! దాని వెనకే గుప్పెడు చింతగింజలు. జయ బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"ఒక రైతు నలభై ఎనిమిది మూటల కొర్రలు ఆరుగురు కొడుకులకు సమానంగా పంచెను..." అని చదివి ఆగింది. "ఎట్ట చేయాలమ్మా?"

తల్లి చెయ్యి గింజల మీదికి వెళ్లి, గాలిలోనే ఆగిపోయింది. కళ్లు నిండిపోయాయి. "నన్నడుగుతాండావా... నన్నేనా?" అంది. తర్వాత బెదురుగా అడిగింది. "ఈ రైతు... మేర తీసినాడా, తీయలేదా?"

జయ పలక ముక్కను ఇంకోసారి పైనుంచి కిందికి చదివింది. తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"తీయలేదమ్మా. వీడు ఒట్టి పిసినారోడు."

తల్లి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఆ పిసినారి మూటలు పంచడం మొదలుపెట్టారు.