నాలుగు గంటల హెచ్చరిక

“నేను పైకి రాను. మీరూ కిందికి రావద్దు. అక్కణ్నుంచే వినండి!”

ఉదయం పదకొండు గంటల వేళ కిటికీ కింద సందులోంచి ఆ కేక వినిపించింది. ఫొటోగ్రాఫరు తల బయటికి పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లుంటాయేమో ఆమెకు. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని, అవతలి గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఎవరైనా తన దగ్గరికి వచ్చేస్తారేమోనని సందుకు ఆ చివరా ఈ చివరా చూస్తోంది.

ఊరిని జబ్బు పట్టుకున్నాక ఫొటోగ్రాఫరు స్టూడియో మూతపడింది. అతను పంతులమ్మ దగ్గర సహాయకుడిగా చేరి ఎనిమిది నెలలైంది. పంతులమ్మ ఇరవై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఆ తరువాత ప్రైవేటు డిటెక్టివ్‌గా మారిన మనిషి. తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో తేలేదాకా పిల్లలను కూర్చోనివ్వని పాత అలవాటు ఆమెకు ఇంకా పోలేదు.

“చెప్పమ్మా,” అంది పంతులమ్మ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని.

“నేను నర్సునండి. వెనక మెట్ల మీంచి ఎవరి కంటా పడకుండా వచ్చాను. నలభై రోజులుగా ఒక్క గదిలో ఒంటరిగా ఉంటున్నాను. తిండి గుమ్మం ముందు పెట్టి వెళ్తారు. లోపలికి ఎవ్వరూ రారు. అయినా రోజూ నాలుగింటికి ఫోన్ మోగుతుంది. జబ్బు మనిషి నా పక్కన నలభై నిమిషాలు ఉన్నాడని చెబుతుంది.”

“ఎవరు ఉన్నారు?”

“ఎవరూ లేరండి. ఖాళీ గది.”

ఆ రోజుల్లో ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా ఆ యాప్ గురించే వాదన. జబ్బు సోకిన మనిషి ఫోన్‌లో ఆస్పత్రివాళ్లు ఎర్రగుర్తు పెడతారు. ఆ ఫోన్ రెండు మీటర్ల దూరంలోకి వస్తే మన ఫోన్ మోగుతుంది. మోగిందంటే పద్నాలుగు రోజులు ఇంట్లోంచి కదలకూడదు. ప్రాణాలు కాపాడుతుందని కొందరు, మెడకు తగిలించిన గంట అని కొందరు. ‘మీ సమాచారం మీ ఫోన్ గడప దాటదు’ అని కంపెనీవాళ్లు ప్రతి గోడకూ పోస్టర్లు అంటించారు. యాప్‌ను అందరికీ తప్పనిసరి చెయ్యాలా వద్దా అని తేల్చడానికి ఈ శనివారం బహిరంగ విచారణ జరగబోతోంది.

“పద్నాలుగు రోజుల్లో అయిపోవాల్సింది,” అంది నర్సు. “తొమ్మిదో రోజున మొదటి హెచ్చరిక వచ్చింది. అప్పట్నుంచీ రోజూ. మోగిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.”

“ఒక్కరోజైనా మోగకుండా ఉందా?”

“పోయిన మంగళవారం మోగలేదు. ఆరోజంతా మా వీధికి కరెంటు లేదు.”

“ఫోన్ ఆఫ్ చేసి పడెయ్యొచ్చుగా?” అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె అతనివైపు తలెత్తి చూసింది. “మా వార్డునిండా ముసలివాళ్లే ఉంటారండి. ఒకవేళ ఆ ఫోన్ చెప్పేది నిజమైతే?” గొంతు తగ్గించింది. “ఇంకొకటుంది. ఆ టైములో మా ఆయన గొంతు వినిపిస్తుంది. ‘తిన్నావా?’ అంటారు.”

“మీ ఆయనే కదమ్మా, అయితే ఏం?”

“ఆయన పోయి నలభై రోజులైందండి.”

ఫొటోగ్రాఫరు చేతిలోని టీ గ్లాసు కిటికీ అంచున పెట్టేశాడు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. రెండో తారీఖున జబ్బుతో ఉన్న కండక్టరు పక్కన డిపో గదిలో గంటసేపు కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. మోగలేదు కాబట్టి ఏమీ లేదనుకుని వారం రోజులు బస్సు నడిపాడు. తొమ్మిదిన ఒళ్లు కాలిపోతుంటే ఊరవతల తాత్కాలిక ఆస్పత్రిలో చేర్చారు. పద్నాలుగున పోయాడు. ఆ మాటే శనివారం విచారణలో చెప్పాలని ఆమె పట్టుదల. కానీ ఫోన్‌లో హెచ్చరిక ఉన్నవాళ్లను హాలులోకి రానివ్వరు.

“మా మరిది ఆ యాప్ కంపెనీలోనే చేస్తాడండి. యాప్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పరీక్షించే పని. ‘నీ మనసు బాగాలేదు వదినా, వెళ్లకు’ అంటాడు. నాకు ఆయన గొంతు వినిపిస్తోందని విచారణవాళ్లకు ఉత్తరం కూడా రాశాడు.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నాకు నిజంగానే మతి పోయిందంటారా?”

“అది మధ్యాహ్నం చూసి చెబుతాను,” అంది పంతులమ్మ.

* * *

నాలుగంతస్తుల భవనం. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న బిల్డింగ్ సెక్రటరీ లోపలికి వచ్చే ప్రతివాళ్ల ఫోనూ తనిఖీ చేస్తున్నాడు. “నాకెవరి మీదా కక్ష లేదు. రూలు రూలే,” అన్నాడు అడక్కుండానే. రెండో అంతస్తులో నర్సు తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టింది ఆయనే.

నర్సు వెనక మెట్ల మీదికి వెళ్లి నిలబడింది. పంతులమ్మా ఫొటోగ్రాఫరూ రిబ్బను కింద నుంచి ఆమె గదిలోకి వెళ్లారు. ఒకప్పటి పెద్ద గదిని మధ్యలో ప్లైవుడ్ చెక్కతో రెండు చేశారు. అవతల అత్తగారి గది. మంచం చెక్కగోడను ఆనుకుని ఉంది.

“మంచం మొదట్నుంచీ ఇక్కడే ఉందా?” అడిగింది పంతులమ్మ.

“కిటికీ పక్కన ఉండేదండి. గాలికి జలుబు చేస్తుంది, ఇటు జరుపుకోమని మరిది గుమ్మం బయటినుంచి చెప్పాడు,” అని మెట్ల మీదనుంచి జవాబు వచ్చింది.

“ఆదివారాలు కూడా నాలుగింటికేనా?”

“ఆదివారాలూ అంతే. మరిది షికారుకు వెళ్తాడు. అత్తయ్య పడుకుంటుంది. నేనొక్కదాన్నే ఉంటాను.”

“మీ ఆయన ఫోన్ ఏమైంది?”

“ఆస్పత్రిలో బట్టలతో పాటు కాల్చేశారని మరిది చెప్పాడు. పాత ఫోనండి. బ్యాటరీ చచ్చిపోయింది. వైరు గుచ్చి ఉంచితేనే వెలిగేది. మార్చండీ అంటే వినేవారు కాదు.”

పంతులమ్మ హాల్లోకి వెళ్లింది. ఫొటోగ్రాఫరు తన ఫోన్ మంచం మీద పెట్టి, పక్కన కుర్చీలో కూర్చున్నాడు. గోడకు డ్రైవరు యూనిఫాం చొక్కా వేలాడుతోంది. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. అవతల ఎక్కడో తలుపు గడియ పడింది.

సరిగ్గా నాలుగింటికి అతని ఫోన్ బుర్రుమంది. ‘జబ్బు సోకిన వ్యక్తి మీ సమీపంలో ఉన్నారు.’

గదిలో అతను తప్ప ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది, చొక్కా కదులుతోంది. అప్పుడు, ఎవరో మూత కింద నుంచి మాట్లాడుతున్నట్టు, ఒక మగ గొంతు మెల్లగా అంది: “తిన్నావా? నాకింకా ట్రిప్పుంది. నువ్వు తినేసెయ్.”

ఫొటోగ్రాఫరు కుర్చీలోంచి లేచిపోయాడు. గుమ్మంలోంచి చూశాడు. వెనక మెట్ల మీద నర్సు రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉంది.

నాలుగూ నలభైకి ఫోన్ మీది హెచ్చరిక ఆగిపోయింది. అత్తగారు తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది. చేతిలోని చెవి మిషను సర్దుకుని పెట్టుకునేదాకా పంతులమ్మ ఆగింది.

“నిద్ర పట్టిందా అమ్మా?”

“ఆఁ, కాస్త కునుకు తీశాను.”

“రోజూ ఈ వేళకేనా?”

“చిన్నాడు చెప్పాడు, నాలుగింటికైతే నీకు మంచిదని,” అని వంటింట్లోకి వెళ్లిపోయింది ఆవిడ.

పంతులమ్మ ఫొటోగ్రాఫరును మోచేత్తో పొడిచింది. తెరిచిన తలుపులోంచి ఆవిడ పక్క కనిపిస్తోంది. దుప్పటి మీద ఒక్క మడత కూడా పడలేదు. ఆవిడ కుడిచెవి మాత్రం కందిపోయి ఉంది.

ఆరింటికి మరిది ఆఫీసు నుంచి వచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. గేటు బయటే నిలబడి మాట్లాడాడు.

“వదినంటే నాకు గౌరవం మేడమ్. కానీ అన్నయ్యకి హెచ్చరిక రాలేదనడం తప్పు. వచ్చింది. పదకొండో తారీఖున వచ్చింది. అప్పటికి అన్నయ్య స్పృహలో లేడు. అంతే.”

“ఆలస్యంగానైనా వచ్చిందంటావ్.”

“నెట్‌వర్క్ సరిగ్గా లేకపోతే ఒక్కోసారి అవుతుంది. ఒక్క పొరపాటుకి లక్షలమందిని కాపాడేదాన్ని తిడితే ఎలా?”

“నిజమే,” అంది పంతులమ్మ. ఆఫీసుకు రాగానే తాత్కాలిక ఆస్పత్రి సామాన్ల గదికి ఫోన్ చేసి రెండే రెండు ప్రశ్నలడిగింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం భవనం వెనక ఖాళీస్థలంలో ఐదు కుర్చీలు దూరం దూరంగా వేయించింది. నర్సు, అత్తగారు, మరిది, సెక్రటరీ, ఫొటోగ్రాఫరు కూర్చున్నారు. పంతులమ్మ నిలబడే ఉంది, నల్లబల్ల ముందు నిలబడినట్టు.

“ముందు ఒక మాట. ఈ అమ్మాయికి మతి పోలేదు. నిన్న ఆ గొంతు మావాడూ విన్నాడు, వాడి ఫోనూ మోగింది. ఆ గదిలోకి రోజూ వస్తున్నది దయ్యం కాదు. కరెంటు లేని రోజున రాలేదు చూడండి. దయ్యానికి కరెంటుతో పనేముంది? వైరు గుచ్చితేనే వెలిగే ఒక ఫోన్‌కి ఉంది.”

“ఆ ఫోన్ కాల్చేశారుగా!” అన్నాడు సెక్రటరీ.

“బట్టలు కాల్చారు. ఫోన్‌ని మందుతో తుడిచి సంచీలో పెట్టి ఇంటివాళ్లకిచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నది తమ్ముడు.”

మరిది ముఖం తిప్పుకున్నాడు. నర్సు అతనివైపే చూస్తోంది.

“మరి హెచ్చరిక ఎందుకొస్తోంది? ఎర్రగుర్తు తియ్యాలంటే ఆస్పత్రివాళ్లు ఆ ఫోన్‌లో ‘కోలుకున్నారు’ అని నొక్కాలి. పోయినవాళ్ల కోసం అందులో ఏ గుర్తూ పెట్టలేదు. కాబట్టి ఆ ఫోన్ దృష్టిలో ఆయన ఇంకా జబ్బుతోనే ఉన్నాడు. చెక్కగోడకు అవతల ఆ ఫోన్ వెలిగినప్పుడల్లా ఇవతల మోగుతుంది.” పంతులమ్మ అత్తగారి దగ్గరికి రెండడుగులు వేసి, గొంతు మెత్తగా చేసింది. “చెవి మిషను తీసేసి, ఫోన్ గొంతు బాగా పెంచి చెవికి అదుముకుని వింటున్నారు. అవునా అమ్మా?”

ముసలావిడ కొంగుతో మూతి మూసుకుంది. “వాడి మాటలున్నాయమ్మా అందులో. బస్సులోంచి ఈ పిల్లకి పంపేవాడు. చిన్నాడు చూపించాడు, ఇక్కడ నొక్కితే మాట్లాడతాడని. వదినకు చెప్పకు, ఏడుస్తుందన్నాడు. నేనేం పాపం చేశాను?”

“మీరే పాపమూ చెయ్యలేదు. నాలుగింటికే వినమని చెప్పింది ఎవరు? ఆ వేళకు తను ఆఫీసులో ఉంటాడు, ఆదివారమైతే షికారులో. తన ఫోన్ మోగకూడదుగా. మంచాన్ని చెక్కగోడ పక్కకి జరిపించిందీ తనే.”

“నాకు తెలీదు మేడమ్,” అన్నాడు మరిది. “అమ్మ బాధ చూడలేక ఇచ్చాను. హెచ్చరికలు వస్తాయని…”

“యాప్‌ను పరీక్షించేవాడివి నువ్వు. నీకు తెలీదా? సరే, దాన్ని పక్కన పెడదాం. మీ అన్నయ్యకి హెచ్చరిక పదకొండో తారీఖున వచ్చిందన్నావ్. నీకెలా తెలుసు?”

“ఆఫీసు కంప్యూటర్లో…”

“మీ కంపెనీ ఊరంతా పోస్టర్లు అంటించింది, ఫోన్‌లోది ఫోన్ గడప దాటదని. ఆ తారీఖు ఆ ఫోన్ తెరిచినవాడికే తెలుస్తుంది. రెండున కండక్టరు పక్కన కూర్చున్నట్టూ అందులో ఉంది, పదకొండున హెచ్చరిక వచ్చినట్టూ ఉంది. తొమ్మిది రోజుల ఆలస్యం. అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆ యాప్‌కి సంతకం పెట్టిందెవరు?”

పై అంతస్తులో ఎవరో దగ్గిన శబ్దానికి అందరూ తలెత్తి చూశారు.

“ఆలస్యం అవుతోందని ముందే చూశాను,” అన్నాడు మరిది చివరికి. “పైవాళ్లకు చెప్పాను. విడుదల ఆపలేం, తరువాత సరిచేద్దాం అన్నారు. పెట్టాను సంతకం. అన్నయ్యకే అవుతుందని నేననుకున్నానా వదినా? ఆ ఫోన్ పగలగొడదామని ఎన్నిసార్లో చేతిలోకి తీసుకున్నాను. అమ్మ వింటోంది. ఎలా పగలగొట్టను? ఒకరోజు నీ ఫోన్ మోగింది. అది మోగుతున్నంతకాలం నువ్వు విచారణకు రాలేవని తట్టింది. శనివారం దాటేదాకా చాలు అనుకున్నాను.”

నర్సు లేచింది. “నాకు పిచ్చి పడుతోందని ఏడిస్తే, గుమ్మం బయట నిలబడి ఓదార్చావు. ఆ గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో నీకు తెలుసు. తెలిసే ఓదార్చావు.”

అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అన్నాళ్లూ మంత్రంలా రూళ్లు చదివిన సెక్రటరీ పైకి వెళ్లి ఎర్ర రిబ్బను కత్తిరించుకొచ్చాడు. ఆమెను విచారణ హాలులోకి రానివ్వమని ఉత్తరం కూడా తన చేత్తోనే రాసిచ్చాడు.

శనివారం విచారణలో నర్సు మాట్లాడింది ఆరు నిమిషాలు. యాప్ వద్దని ఆమె అనలేదు. “అది మోగుతుందని నమ్మి మా ఆయన వారం రోజులు బస్సు నడిపాడు. నమ్మమని చెప్పేముందు దాని తప్పులు కూడా మాకు చెప్పండి,” అంది. ఆమె తరువాత మరిది లేచి తన సంతకం గురించి చెప్పాడు. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది. తప్పనిసరి చేసే నిర్ణయం వాయిదా పడింది. వదిన అతనితో మాట్లాడడం మాత్రం మళ్లీ మొదలుకాలేదు.

డ్రైవరు ఫోన్‌ను సాక్ష్యంగా తీసుకుని మూడు వారాల తరువాత తిరిగిచ్చారు. దాన్ని ఇంటికి చేర్చే పని ఫొటోగ్రాఫరు మీద పడింది. నర్సు వైరు గుచ్చి వెలిగించింది. ఎర్రగుర్తు అలాగే ఉంది. అది ఉన్నంతకాలం ముసలావిడ ఒక్క మాట విన్నా చుట్టుపక్కల ఫోన్లన్నీ మోగుతాయి. ఎర్రగుర్తు తీసే నంబరు ప్రతి నర్సుకూ ఉంటుంది. ఆమె ఒక్కొక్క అంకే కొట్టి, చివర్న వేలు ఆపింది. ఆ తరువాత నొక్కింది.

తెర ఆకుపచ్చగా మారింది.

“ఏం రాసుంది అమ్మాయ్ అందులో?” అడిగింది అత్తగారు చదవడం రాక.

నర్సు ఫోన్‌ను ఫొటోగ్రాఫరువైపు తిప్పింది. తన జీవితంలో ఎన్నో ముఖాలను ఎన్నోసార్లు నవ్వించిన ఆ మనిషి ముసలావిడకు వినబడేలా బిగ్గరగా చదివాడు:

“మీరు పూర్తిగా కోలుకున్నారు. ఇక మీ పనులకు వెళ్లవచ్చు.”