నల్లబండ మీద కోడికాలు

తెల్లగుట్టలో పాతగని తట్టుకు పొద్దు మునిగినాక ఎవురూ పోరు. అది అడ్డదారని తెలిసినా సరే, గుట్ట చుట్టూ తిరిగి, కాళ్ళు పీకేట్టు నడిచి ఇల్లు చేరతారు గానీ ఆ పక్క అడుగు పెట్టరు. మేకలు గూడా ఆడ మేయవంటారు. మేకల సంగతి నాకు తెల్దు, మనుషుల సంగతే చెప్తాండా.

నువ్వేమో ఈ రాచ్చిప్పను నీళ్ళతో తడిపి చూపియ్యమంటివి. నెర్రె ఉంటే తడిలో కనపడతాదని నీకెవురో చెప్పినట్టుండారు. నిజమే, కనపడతాది. అయినా నేను తడపను. ఈ గిడ్డమ్మకు పొగరనుకుంటావేమో... అనుకో. బేతంచెర్ల సంతలో నన్ను గురించి అంతకన్నా పెద్ద మాటలే అంటారు. కానీ ఏంటికి తడపనో తెలియాలంటే ఆ పాతగని కాడికి పోవాల. కూర్చో. నీ బస్సుకు ఇంకా టైముండాది.

ఇది మా మామ ఉరుకుందప్ప చెప్పింది. నా మొగుని నాయన. ఆయన చెప్పినట్టే చెప్తా, ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు.

మా ఊరు గుట్టల నడుమ చిన్న ఊరు. ఊరంతా బలపం రాయి మీదనే బతికింది. గనిలో తెల్లరాయి తవ్వేటోళ్ళు కొందరు. గని అంచుల్లో దొరికే నల్లటి మెత్తరాయిని తరిమెన చక్రం మీద తిప్పి రాచ్చిప్పలు చేసేటోళ్ళు కొందరు. చిప్పల పనిలో మా మామ మొనగాడు. ఆయన చేసిన చిప్పలో పులుసు కాస్తే, పొయ్యి మీద నుంచి దించినాక గూడా శానాసేపు కుతకుతలాడేది.

గనికి ఒక కట్టడి ఉండె. గని నోటికాడ ఒక నల్లబండ నిలబెట్టింటారు. లోపలికి పోయే ప్రతి మనిషీ బలపం ముక్కతో దాని మీద తన గుర్తు గీసి పోవాల. చదువు లేనోళ్ళు గదా — ఒకనిది నాగలి, ఒకనిది తేలు, ఒకనిది ఉత్త సున్న. పైకి వచ్చినాక ఎవుని గుర్తు వాడే అరచేత్తో తుడుసుకోవాల. ఒకని గుర్తు ఇంకొకడు ముట్టకూడదు. ఆడోళ్ళయితే ఆ బండ దరిదాపులకే రాకూడదు. పొద్దుగూకినాక మేస్త్రీ వచ్చి చూస్తాడు. బండ మీద గుర్తుంటే లోపల మనిషున్నట్టు. బండ నల్లగా ఉంటే గని ఖాళీ.

ఆ గనిలో బొజ్జన్న అని ఒకడు పని చేస్తాండె. వాని గుర్తు కోడికాలు. ముందర మూడు వేళ్ళు, వెనక ఒక వేలు. వాడు ఎడమచేతి వాటం మనిషి, అందుకని ఆ వెనక వేలు ఒక పక్కకు వంగేది. ఇంకెవురు గీసినా ఆ వంకర రాదు అనేవాడు మా మామ.

కర్నూలు రాజధాని కావడానికి రెండేండ్ల ముందు మాట. పాతగనిలో రాయి అయిపోయిందని, లోపల కప్పుకు పోటు పెట్టిన గుంజలు లాగేయమని మేస్త్రీ మహానందికి పైనుంచి మాట వచ్చె. గుంజలు లాగితే కప్పు కూలి కూర్చుంటాది. పొద్దుగూకేటప్పుడు పనోళ్ళంతా బయటికి వచ్చిరి. మేస్త్రీ బండ చూసె. బండ నల్లగా ఉండాది. గుంజలకు కట్టిన మోకులను ఎద్దులతో లాగించె.

గుట్ట కడుపులో పెద్ద సద్దు. నోట్లో నుంచి దుమ్ము. అంతే.

ఆ రాత్రి బొజ్జన్న ఇంటికి రాల్యా.

వాని పెండ్లాం మహాదేవమ్మ తెల్లారకముందే పోయి మేస్త్రీ కాళ్ళ మీద పడె. "నా మొగుడు లోపల ఉండాడు సామీ... తవ్వించు."

"బండ మీద గుర్తు లేదు గదమ్మా" అనె మేస్త్రీ. "గుర్తు లేదంటే మనిషి లేడు. యాడికో పోయింటాడు. బళ్ళారిలో చూసినామని ఎవురో అంటాండ్రి."

ఎవురూ అనల్యా. ఆ మాట పుట్టించిందే మేస్త్రీ.

ఇంక ఊరి సంగతి చూడు. పగలంతా — బొజ్జన్న బళ్ళారిలో ఇంకొకదాన్ని ఉంచుకున్నాడని మహాదేవమ్మ ముందరే నవ్వుకునేది. రాత్రైతే — బొజ్జన్న గనిలో తిరుగుతాండాడని ఆ దారే తొక్కేది కాదు. పగలు బళ్ళారిలో ఉండేటోడు రాత్రికి గనిలోకి ఎట్ల వస్తాడు, రైలెక్కి వస్తాడా? ఒక్కరన్నా అడగల్యా. ఆ యమ్మ బొట్టు పెట్టుకుంటే ఒక మాట, పెట్టుకోకుంటే ఒక మాట. కర్మ చేద్దామంటే ఎముక లేదు. మొగుడు సచ్చినాడని ఒప్పుకునేటోళ్ళు లేరు.

మా మామకు తెలుసు.

గుంజలు లాగిన పొద్దు, దానికి కొంచెం ముందర, ఆయన రాయి ఏరుకునేదానికి గని కాడికి పోయినాడు. పనోళ్ళు తమ గుర్తులు తుడుసుకొని ఇండ్లకు పోతాండారు, ఎవురి తొందరలో వాళ్ళుండారు. ఆయన కండ్లు మాత్రం నల్లబండ మీద పడె. అంత నున్నని రాయి, అంత వెడల్పు... పెద్ద చిప్పకు సరిగ్గా వస్తాదని ఆశ పుట్టె. చిప్పలు చేసేటోని చెయ్యి ఊరికే ఉండదు. మంచి రాయి కనపడితే ఎంగిలి వేలితోనో తడిగుడ్డతోనో రుద్ది, నెర్రె ఉండాదా అని చూడాల్సిందే. నిద్దట్లో గూడా ఆ చెయ్యి అదే పని చేస్తాది. భుజం మీది తడిగుడ్డ తీసి ఈ కొస నుంచి ఆ కొసకు తుడిసినాడు. నెర్రె లేదు. సంతోషపడి ఇంటికి వచ్చినాడు.

కూలిన సద్దు వినేటప్పుడు అన్నం తింటాండాడు. ముద్ద నోట్లో ఉండంగానే జ్ఞాపకం వచ్చె. తుడిసేటప్పుడు బండ కింద మూలన ఏదో తెల్లగా ఉండె... కోడికాలు మాదిరి.

మరుసటి దినం పాతగని కాడ సద్దు వినపడె. టక్... టక్... టక్. మూడు దెబ్బలు. నిలిపి, మళ్ళీ మూడు. లోపల చిక్కుకున్నోళ్ళు కొట్టే పద్ధతి అది. "బండలు సర్దుకుంటాండాయి" అనె మేస్త్రీ. మా మామ నోరు తెరవల్యా. రెండో దినం చెప్దామనుకునె. నిన్న ఏం చేసినావురా అంటారని ఊరుకునె. మూడో దినం సద్దు నిలిచిపోయె.

ఇది చెప్పేటప్పుడు మా మామ నా మొగం చూసేవాడు కాదు. నేను గూడా ఆయన మొగం చూడల్యా. నన్ను కూతురు మాదిరి చూసుకున్న మనిషి, ఆయనంటే నాకు ప్రాణం. అయినా ఆ మూడు దినాల మాటకు నాకు ఇప్పటికీ కోపమే.

మూడేండ్లు గడిచె. మా మామకు నిద్ర లేదు. పెద్ద రాచ్చిప్ప చేసి మంత్రాలయం మఠానికి ఇస్తానని మొక్కుకున్నాడు. మనిషి కాడ ఒప్పుకోవాల్సింది సామి కాడ ఒప్పుకుంటే సరిపోతాదని ఎంత ఆశో చూడు. తరిమెన మీదికి ఎక్కించిన రాయి ఎక్కించినట్టే పగిలె. ఒకటి కాదు, మూడు. అంత పెద్ద పనికి నిలిచే రాయి ఒక్కటే ఉండాదని ఆయనకు తెలుసు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, పాతగని నోరు వానలకు విరిగి పడతాండాదని, మందు పెట్టి మూసేయమని ఆర్డరు వచ్చె. తెల్లారుతూనే పేలుస్తామని మేస్త్రీ చాటింపు ఏయించె. పేలిస్తే నల్లబండ గూడా తుక్కు తుక్కే. ఆ రాత్రే తెచ్చుకోవాల.

అమావాస్య ముందు రాత్రి. ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో గడ్డపార. ఇంట్లో చెప్పకుండా బయలుదేరె.

గాలి లేదు. కీచురాళ్ళు గూడా లేవు. ఆయన చెప్పుల సద్దు ఆయనకే వినపడతాండె... గని దగ్గరికి వచ్చేకొద్దీ చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎవురికి వినపడతాదని అట్ల చేసినాడో ఆయనకే తెల్దు.

బండ కాడికి వచ్చి లాంతరు ఎత్తినాడు.

బండ మీద... కింద మూలన... తెల్లగా ఉండాది.

కోడికాలు.

పాతది కాదు. ఇప్పుడే గీసినట్టు బలపం పొడి గీత అంచున నిలిచి ఉండాది. వెనక వేలు ఒక పక్కకు వంగి ఉండాది.

గడ్డపార జారి కింద పడె. ఆ సద్దు గని లోపలికి పోయె... దూరంగా పోయి ఆగె.

అప్పుడు లోపల నుంచి — టక్... టక్... టక్.

"ఎవురప్పా... లోపల?" అని గుసగుసగా అడిగె.

టక్... టక్... టక్.

వేలు నోట్లో పెట్టి తడి చేసుకున్నాడు. తుడిసేస్తే సరి. తుడిసేసి ఇంటికి పోతే, తెల్లారి మందు పేలుతాది, బండా పోతాది, గుర్తూ పోతాది, ఈ ముచ్చట తెలిసినోడు భూమ్మీద ఒక్కడూ ఉండడు. వేలు బండ దాకా పోయె. జానెడు దూరంలో ఆగె. ఎంతసేపు అట్ల నిలబడినాడో గానీ, వేలి మీది తడి ఆరిపోయె.

ఊర్లోకి ఉరికి మనుషులను పిలుద్దామనుకునె. చీకట్లో పాతగనికి ఎవురొస్తారు? పోయి వచ్చేలోపల తన మాదిరి ఇంకొకడు వచ్చి తుడిసేస్తే? మందు పెట్టేటోళ్ళు తెల్లారకముందే దిగితే?

గుర్తుంటే మనిషున్నట్టు. అది గని కట్టడి. లోపల ఉండేది మనిషో, ఇంకేదో... గుర్తయితే ఉండాది.

బండ ముందర కూర్చున్నాడు. వీపు ఆనించల్యా, గుర్తు చెరిగిపోతాదని. లోపల కొట్టినప్పుడల్లా తనూ ఒక రాయి తీసుకొని మూడు కొట్టె. నడిరాత్రి దాటినాక లోపలి దెబ్బలు సన్నగిల్లె. మూడు రెండాయె. లాంతర్లో నూనె అయిపోయె. కోడికూత పొద్దుకు ఆ రెండూ వినపడల్యా.

తెలతెలవారుతుండంగా మేస్త్రీ మహానంది వచ్చె. వెంట మందు పెట్టే చిన్న ఈరన్న, ఇంకా ఇద్దరు.

"ఏమప్పా ఉరుకుందప్పా, ఈడేం చేస్తాండావు? లెయ్, మందు పెట్టాల."

"బండ మీద గుర్తుండాది మేస్త్రీ. పేల్చకూడదు."

మేస్త్రీ వంగి చూసె. మొగం పాలిపోయె. "ఎవుడో పనిలేనోడు గీసింటాడు. సచ్చినోని గుర్తు అది. తుడువు."

"సచ్చినాడా?" అనె మా మామ. "బళ్ళారిలో ఉండాడంటివి గదా మహానందీ. ఎప్పుడు సచ్చె?"

చిన్న ఈరన్న మందు పెట్టె కింద పెట్టె.

"ఆ పొద్దు గుర్తు ఉండె" అనె మా మామ. "తుడిసింది నేను. ఇదో, ఈ చెయ్యి. రాయి చూద్దామని తుడిసినా. బొజ్జన్న లోపలే ఉండె. మూడు దినాలు కొట్టినాడు, నేను విన్నా."

మూడేండ్ల నుంచి గొంతులో అడ్డం పడిన మాట, చెప్తే అంతసేపే పట్టె.

చిన్న ఈరన్న సమ్మెట తీసుకొని గని నోటికి అడ్డం పడిన రాయి మీద మూడు దెబ్బలు కొట్టె. చెవి ఆనించి నిలబడిరి. ఏమీ లేదు. మేస్త్రీ ఊపిరి వదిలె. అప్పుడు —

టక్.

ఒక్కటే.

ఇంక ఎవురూ ఎవురినీ అడగల్యా. అందరూ రాళ్ళు లాగడం మొదలుపెట్టిరి. మేస్త్రీ గూడా లాగె, చేతులు నెత్తురు కారంగా. పొద్దు బారెడు ఎక్కినాక మనిషి దూరే సందు దొరికె. చిన్న ఈరన్న పాక్కుంటా పోయి, లోపల నుంచి అరిచె.

మహాదేవమ్మ. కాలి మీద బండ పడి కదల్లేకుండా ఉండాది. ప్రాణం ఉండాది. కొంగులో ఎముకల మూట. చేతిలో బొజ్జన్న సుత్తి. దాంతోనే రాత్రంతా కొట్టింది.

పేల్చేస్తే మొగుని ఎముక గూడా దక్కదని, ఆ రాత్రి మా మామ కన్నా ముందరే ఒక్కతే దీపం పట్టుకొని లోపలికి పోయిందంట. తుంగభద్రలో కలపాలని.

బయటికి తెచ్చి నీళ్ళు తాపిరి. మా మామ ఆ యమ్మ కాళ్ళ కాడ కూర్చొని అంతా చెప్పె, తుడిసింది, విన్నది, ఊరుకున్నది. ఆ యమ్మ తిట్టల్యా. మూట మీద చెయ్యి పెట్టుకొని, "అయితే నా మొగుడు బళ్ళారి పోల్యా" అనె. మేస్త్రీ తట్టు తిరిగి, ఆ మాటే ఇంకోసారి అనె.

మా మామ ఏడుస్తా చెప్పె. "తల్లీ, ఆయన గుర్తు గీసి లోపలికి పోయినావు, అదే నిన్ను కాపాడె. ఆ గుర్తు లేకుంటే నేను బండ పెకిలించుకొని పోతాంటి. తెల్లారి నిన్ను గూడా పూడ్చి పెడ్తాండ్రి."

"ఏం గుర్తు?"

"బండ మీద... కోడికాలు."

ఆ యమ్మ బండను చూసె.

"నేను ఈ తట్టే రాలేదన్నా. ఆడోళ్ళను ఈడికి ఎప్పుడు రానిచ్చినారు మీరు? గుట్ట వెనక వాన కోసిన సందు ఉండాది, కట్టెలకు పోయినప్పుడు చూసినా. దాంట్లో దూరినా..." గొంతు తగ్గించె. "ఆయన గుర్తు ఎట్లుంటాదో... నేను ఈ పొద్దే చూస్తాండా."

గనిని ఆ తర్వాత మూసేసిరి. బండను ముందే తీసి మహాదేవమ్మ ఇంటి ముందర నిలబెట్టిరి. ఇన్ని వానలకు ఆ గుర్తు పోయిందా అంటావా? బలపం గీత గదా, పోవాల. నువ్వే వచ్చి చూసుకో, నేను చెప్పను.

మంత్రాలయం చిప్ప మా మామ చేయల్యా. సచ్చేదాకా తరిమెన ముందరే కూర్చున్నాడు గానీ, రాయిని ఏ పొద్దూ తడిపి చూడల్యా. మా ఇంట్లో ఇప్పటికీ ఎవురూ తడపరు.

ఇదో నీ చిప్ప. నెర్రె ఉండాదో లేదో నాకు తెల్దు. ఇష్టముంటే తీసుకో, లేకుంటే అదో బస్సు వస్తాంది, పో.