బేకరీ ఆవిడ ఆడిన అబద్ధం

వచ్చినతను కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే చెప్పుకొచ్చాడు. అతన్ని చూస్తుంటే అసిస్టెంటుకీ కాలు నిలవలేదు. డిటెక్టివ్ మేడమ్ మాత్రం కదలకుండా విన్నది.

అతనూ స్నేహితుడూ కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. కొట్టుకొట్టుకీ వెళ్ళి "మీకు రోజూ ఉండే తలనొప్పి ఏమిటి?" అని అడగడం, దానికి మందు తయారుచేయడం వాళ్ళ పని. తలనొప్పి కనిపెట్టేది వీళ్ళు, మందు ముందుగా అమ్మేది పక్కవీధి కంపెనీ. టైలర్ దగ్గర అదే జరిగింది, సైకిళ్ళ షాపులో అదే, ఇప్పుడు బేకరీలో.

"మీ పని సంగతులు ఎవరెవరికి తెలుసు?"

"స్నేహితుడికీ, మా బావమరిదికీ. స్నేహితుడు నా ప్రాణం. అందుకే బావమరిదిని ఆఫీసుకి రావద్దన్నాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు కదండీ! అప్పట్నుంచి మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు."

"బేకరీలో వాళ్ళు పెట్టింది చూశారా?"

"చూడ్డానికేముంది? అద్దంలోంచి వాళ్ళ కంప్యూటర్ పెట్టె కనబడగానే కడుపు మండి తిరిగొచ్చేశాను."

బేకరీలో ఆ పెట్టె కౌంటరు మూలకి తోసేసి ఉంది. ఆర్డరు కేకుల డబ్బాల మీద పేర్లు లేవు. పెన్సిల్ బొమ్మలున్నాయి: పడవ, గొడుగు, కోడిపుంజు.

"ఇదేం చేస్తుందమ్మా?" అడిగింది మేడమ్.

"కేకు తీసుకెళ్ళడం మర్చిపోయినవాళ్ళకి గుర్తుచేస్తుందిట," అంది బేకరీ ఆవిడ. "మా దగ్గర మర్చిపోయేవాళ్ళెవరు? వచ్చారు, పెట్టారు, పోయారు. ఒక్క ముక్క అడగలేదు."

"మరి మర్చిపోతారని చెప్పిందెవరు?"

ఆవిడ లోపల క్రీము కలుపుతున్న భర్తవైపు చూసి గొంతు తగ్గించింది. "నేనే. ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను. అతనొక్కడికే. రెండోసారి వస్తే మనసొప్పక నిజం చెప్పాను, ఒకరి కేకు ఇంకొకరికి పోతోందని."

సాయంత్రం మేడమ్ అందర్నీ బేకరీకే పిలిపించింది. షట్టరు సగం దించారు. స్నేహితుడు కాలు ఊపుతూ కూర్చున్నాడు. బావమరిది ముఖం తిప్పుకున్నాడు.

"ఇక్కడ మొదటిసారి విన్నది ఎవరికి చెప్పారు?" అంది మేడమ్ సాఫ్ట్‌వేర్ అతనితో.

"వీడికే," అన్నాడతను స్నేహితుణ్ణి చూపిస్తూ.

"నేనప్పుడు ఊళ్ళో లేను," అన్నాడు బావమరిది.

"రెండోసారిది?"

"ఆ రోజు వీడికి జ్వరం. బావమరిదికి చెప్పాను. తర్వాత వీడికి చెప్పడం కుదరనే లేదు." అతను స్నేహితుడి వైపు తిరిగాడు.

"పక్కవీధివాళ్ళు మందు చేసింది లేని జబ్బుకి," అంది మేడమ్. "ఆ లేని జబ్బు గురించి విన్నది మీరూ, మీ స్నేహితుడూ. అంతే."

స్నేహితుడు ఊపుతున్న కాలు ఆపి లేచాడు. "ఎన్నాళ్ళురా ఇలా వీధులు కొలవడం? వాళ్ళు ఉద్యోగమిస్తామన్నారు," అని షట్టరు కిందనుంచి వంగి వెళ్ళిపోయాడు.

"ఇంతకీ కేకులెందుకు మారుతున్నాయి?" అన్నాడు సాఫ్ట్‌వేర్ అతను నీరసంగా.

అసిస్టెంటు నోరు తెరవబోయాడు. మేడమ్ కళ్ళతోనే ఆపేసింది. బేకరీ ఆవిడ భర్త చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"నాకు చదువు రాదు బాబూ. బొమ్మలు గీసుకుంటాను. పని ఎక్కువైతే ఏ బొమ్మ ఎవరిదో మర్చిపోతాను. నా పరువు కోసం ఇన్నాళ్ళూ ఈవిడ అబద్ధాలాడింది."

బావమరిది కుర్చీ ఆయన పక్కకి లాక్కున్నాడు.

"బొమ్మ మీరే గీయండి బాబాయ్. పక్కన కేకు ఆర్డరిచ్చినవాళ్ళ ఫొటో కనబడేలా చేస్తాం."

సాఫ్ట్‌వేర్ అతను షట్టరు దగ్గరే నిలబడి ఉన్నాడు. బావమరిది తల తిప్పకుండానే పక్క కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టాడు.

"ఆ ఫొటో భాగం నువ్వు రాయి బావా," అన్నాడు.